మే నెలలో అమ్మానాన్నలతో పారిస్, రోమ్ ప్రయాణం: జేబుదొంగల విషయంలో సలహాలు కావాలి

కృష్ణాతీరం రాశారు:

అందరికీ నమస్కారం. మే రెండో వారంలో అమ్మానాన్నలను యూరప్ తీసుకెళ్తున్నాను. పారిస్‌లో దిగి, అక్కడి నుంచి రైల్లో స్విట్జర్లాండ్, చివరికి రోమ్. ప్యాకేజీ టూరు కాదు, టికెట్లూ హోటళ్లూ అన్నీ సొంతంగా చూసుకున్నాం. ఎవరికి చెప్పినా మొదట వచ్చే మాట "అక్కడ జేబుదొంగలు ఎక్కువ, జాగ్రత్త" అనే. ఆ జాగ్రత్త అంటే సరిగ్గా ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

నాన్నగారికి డెబ్బై దగ్గరపడ్డాయి. ఫోను, డబ్బు, కళ్లజోడు అన్నీ చొక్కా పైజేబులోనే ఉండాలి ఆయనకు. ఎవరు పలకరించినా ఆగి, పూర్తిగా విని, మర్యాదగా సమాధానం చెప్పే మనిషి. అమ్మ మెడలో నానుతాడు, నల్లపూసలు, చేతులకు గాజులు. తీసి వెళ్దామంటే బాధపడుతుంది. వెళ్లివచ్చినవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త వివరంగా రాయగలరా?

పారిస్_వాసి రాశారు:

కృష్ణాతీరం గారూ, నేను ఇక్కడ ఉద్యోగం చేస్తూ రోజూ మెట్రోలో తిరుగుతుంటాను. ముందుగా ఒక విషయం. పర్యాటకులకు ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యేది దౌర్జన్యం కాదు, చేతివాటం. పెద్దవాళ్లను భయపెట్టి తీసుకురావద్దు. అయితే సమస్య చిన్నదని కూడా అనుకోవద్దు. 2013 ఏప్రిల్‌లో జేబుదొంగల ఆగడాలు భరించలేక లూవ్ర్ మ్యూజియం సిబ్బంది పని ఆపేస్తే ఒక రోజు మ్యూజియమే మూతపడింది. 2015 మేలో అదే కారణంతో ఐఫిల్ టవర్ సిబ్బంది విధులు మానేసి కొన్ని గంటలపాటు టవర్ మూయించారు.

మెట్రోలో ఎలా జరుగుతుందో చెబుతాను, నా కళ్లముందు జరిగినదే. లూవ్ర్ దగ్గర ఒకటో నంబరు లైను. రైలు ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. ఒక భారతీయ కుటుంబం ఎక్కుతోంది. వాళ్ల ముందు ఎక్కిన ఇద్దరు అమ్మాయిలు తలుపు దగ్గరే ఆగిపోయి, గోడ మీద లైను పటం చూస్తూ "ఇదేనా మన రైలు" అన్నట్టు తటపటాయించారు. వెనక నుంచి మరొకామె తోసుకొచ్చింది. ఎండాకాలం, అయినా ఆమె ముంజేతి మీద మడతపెట్టిన కోటు ఉంది. తలుపులు మూసుకునే ముందు బజర్ మోగుతుంది కదా, సరిగ్గా అప్పుడు ముగ్గురూ ఒక్క ఉదుటున దిగిపోయారు. తలుపులు మూసుకున్నాయి. ఆ పెద్దాయన ప్యాంటు జేబు తడుముకునేసరికి రైలు కదిలింది. కోటు చేతి మీద వేసుకున్నది చలికి కాదు, దాని కింద పనిచేసే వేళ్లు కనబడకుండా.

అందుకే తలుపు దగ్గర నిలబడకండి, లోపలికి నడవండి. ముందున్నవాళ్లు కారణం లేకుండా ఆగితే వాళ్లను చూడకండి, మీ సంచి మీద చెయ్యి వేయండి. రద్దీగా ఉంటే ఆ రైలు వదిలేయండి. పగటిపూట ఒకటో లైనులో తర్వాతి రైలు రావడానికి కొద్ది నిమిషాలే. విమానాశ్రయం నుంచి నగరంలోకి వచ్చే ఆర్‌ఈఆర్ బి రైల్లో సామానుతో, నిద్రలేమితో ఉంటారు కాబట్టి అక్కడ రెట్టింపు జాగ్రత్త కావాలి. నలుగురు ఉంటే ట్యాక్సీయే మేలు. షార్ల్ ద గాల్ విమానాశ్రయం నుంచి నగరంలోకి ధర ప్రభుత్వమే నిర్ణయించింది: 2025 లెక్క ప్రకారం సేన్ నదికి కుడిగట్టున 56 యూరోలు, ఎడమగట్టున 65. బయట ట్యాక్సీల వరుస ఉంటుంది, అక్కడే ఎక్కండి. లోపల హాల్లోనే ఎదురొచ్చి "ట్యాక్సీ, ట్యాక్సీ" అని అడిగేవాళ్ల వెంట వెళ్లవద్దు.

కృష్ణాతీరం రాశారు:

చాలా వివరంగా రాశారు, ధన్యవాదాలు. మోంమార్త్ర్ కొండ మీది చర్చికి వెళ్లాలని ఉంది. అక్కడ చేతికి దారాలు కట్టేవాళ్లు ఉంటారని విన్నాను. అదేమిటి?

పారిస్_వాసి రాశారు:

సక్రే కర్ చర్చి మెట్ల కింద ఉంటారు. నవ్వుతూ పలకరించి, ఏ దేశమని అడిగి, "ఇండియా" అనగానే చెయ్యి చాపుతారు. మీరు చెయ్యి ఇస్తే వేలికి రంగు దారం చుట్టి అల్లడం మొదలుపెడతారు. అల్లినంతసేపు మీ చెయ్యి వాళ్ల చేతిలో ఉంటుంది, కదలలేరు. పూర్తయ్యాక ఇరవై యూరోలు అడుగుతారు, చుట్టూ మరో ముగ్గురు చేరతారు. మన పెద్దవాళ్లు కాశీదారం లాంటిదేదో అనుకుని చెయ్యి చాపుతారు, నేను చూశాను. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ఆగకుండా నడిస్తే చాలు. మెట్ల బాధ లేకుండా పక్కనే కొండ మీదికి ఫ్యూనిక్యులర్, అంటే వాలు మీద తాడుతో లాగే చిన్న రైలుపెట్టె ఉంది, మెట్రో పాసుతోనే ఎక్కవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది రెండు విధాలా మంచిది.

ఇంకో మూడు రకాలు ఉన్నాయి. అట్ట మీద కాగితం పెట్టుకుని మూగచెవిటి వాళ్ల కోసం సంతకం పెట్టమంటారు. మీరు సంతకం పెడుతుంటే ఆ అట్ట మీ సంచికి అడ్డు. రెండోది, మీ కాళ్ల దగ్గర బంగారు ఉంగరం దొరికినట్టు నటించి "మీదేనా" అని అడుగుతారు. అది ఇత్తడి. మూడోది ఐఫిల్ టవర్ పరిసరాల్లో మూడు గిన్నెల కింద బంతి ఆట. పందెం గెలిచి ఎగిరి గంతేసేవాళ్లు వాళ్ల మనుషులే. ఆడకపోయినా నిలబడి చూస్తే చాలు, మీ వెనక ఎవరో ఉంటారు.

వీటన్నిటికీ ముందు జరిగేది ఒకటే: మిమ్మల్ని ఆపడం. దయచేసి నాన్నగారికి ఈ ఒక్క విషయం ఓపికగా చెప్పండి. పర్యాటక స్థలంలో తనంతట తాను వచ్చి పలకరించిన అపరిచితుడికి సమాధానం ఇవ్వకపోవడం అమర్యాద కాదు. ఇక్కడివాళ్లు కూడా ఇవ్వరు.

సింహాద్రి_శోభ రాశారు:

బంగారం గురించి నేను చెబుతాను. మా అత్తగారితో వెళ్లినప్పుడు ఇదే చర్చ జరిగింది. చివరికి ఆవిడే దారి చూపించారు. నానుతాడు లాకర్లో పెట్టి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వచ్చారు. నల్లపూసలు బంగారం లేనివి, పొట్టివి. గాజులు మట్టివి. ఫోటోల్లో నిండుగానే ఉన్నారు. అమ్మగారికి "తీసేయమ్మా" అని కాకుండా ఇలా చెప్పి చూడండి, మనసు కష్టపెట్టుకోరు. ఒకవేళ బంగారం వేసుకునే రావాలంటే, మెడ మూసి ఉండే జాకెట్టు లేదా పైన స్కార్ఫ్ ఉండాలి. బయలుదేరే ముందు మన విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల దగ్గర నగలకు ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు ప్రశ్నలుండవు.

మా దర్జీ చేత లంగాకు లోపలివైపు జిప్పు ఉన్న జేబు కుట్టించాం. పాస్‌పోర్టు, రెండు వందల యూరోలు అందులో. రొంటిన డబ్బు దోపుకునే అలవాటున్న తరం కదా, ఆవిడకు అది సులువుగా పట్టుబడింది. చేతిసంచి మాత్రం అడ్డంగా వేసుకునేది, జిప్పు ఒంటివైపు, ఎప్పుడూ పొట్ట మీద. వీపు సంచి రద్దీలో ముందుకు తిప్పుకోవాలి.

కోనసీమ_కొబ్బరి రాశారు:

ఇంత పెద్ద చర్చ ఎందుకండీ. దొంగలు ఎవరో అక్కడ అందరికీ తెలుసు, ఫలానా జాతివాళ్లు. వాళ్లను చూడగానే దూరం జరిగితే సరి.

పారిస్_వాసి రాశారు:

ఈ సలహా తప్పు, ప్రమాదకరం కూడా. పేదవాళ్లుగా కనిపించేవాళ్ల మీద కన్నేసి ఉంచితే, పక్కన ఖరీదైన బూట్లు వేసుకుని, కెమెరా మెడలో వేసుకుని, చేతిలో నగర పటంతో పర్యాటకుడిలా నిలబడ్డ మనిషిని ఎవరూ అనుమానించరు. దొంగలకు కావలసింది కూడా అదే, అందుకే ఆ వేషం. మనిషిని కాదు, కదలికను చూడండి. ఖాళీ ఉన్నా ఒరుసుకుని నిలబడటం, మీరు జరిగితే తానూ జరగడం, రైలు వచ్చినా ఎక్కకుండా మనుషులను గమనిస్తుండటం. పైగా మనం కూడా ఇక్కడ రంగును బట్టి అనుమానించబడే జనమే. ఆ బాధ తెలిసినవాళ్లం ఇంకొకరి మీద వేయకూడదు.

వేదిక_నిర్వాహకులు రాశారు:

ఏ జాతినీ సమూహాన్నీ దొంగలుగా చిత్రించే వ్యాఖ్యలు ఇక్కడ వద్దు. చర్చ కొనసాగించండి.

విశ్రాంత_బ్యాంకరు రాశారు:

కార్డుల సంగతి. మీ బ్యాంకు యాప్‌లో కార్డు అంతర్జాతీయ వాడకాన్ని, కాంటాక్ట్‌లెస్‌ను విడివిడిగా తెరిచే, మూసే సౌకర్యం ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2020 నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. కొత్త కార్డుల్లో విదేశీ వాడకం మూసే ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు తెరుచుకోవాలి. రోజువారీ పరిమితి తక్కువ పెట్టుకోండి. యూరప్‌లో సాధారణంగా 50 యూరోల వరకు పిన్ లేకుండా తాకిస్తే చాలు చెల్లింపు అయిపోతుంది. దొంగ చేతికి చిక్కిన కార్డుతో మొదట జరిగేవి ఇవే చిన్న చిన్న చెల్లింపులు.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. బ్యాంకు 1800 నంబర్లు చాలావరకు విదేశాల నుంచి కలవవు. +91తో మొదలయ్యే నంబరు కార్డు వెనకో, బ్యాంకు వెబ్‌సైటులోనో ఉంటుంది. దాన్ని ఫోనులో కాదు, కాగితం మీద రాసి ఇద్దరి దగ్గర ఉంచండి. ఫోను కూడా పోతే కాగితమే దిక్కు. కార్డు పోయిందని తెలిసిన క్షణమే ఫిర్యాదు చేయండి. మన నిర్లక్ష్యం వల్ల, అంటే పిన్ ఎవరికైనా తెలిసిపోవడం వల్ల పోయిన సొమ్ములో ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం మనదే అని 2017 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశంలో ఉంది. పిన్ రాసిన చీటీ పర్సులో పెట్టుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. నాన్నగారిని అడిగి చూడండి.

దొంగతనం కాకపోయినా జేబుకు చిల్లు పెట్టేది మరొకటి. కార్డు ఇవ్వగానే యంత్రం మీద "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని వస్తుంది. రూపాయలు చూడగానే మనకు ధైర్యంగా ఉంటుంది, అదే నొక్కుతాం. అప్పుడు మారకపు రేటు ఆ యంత్రం యజమాని ఇష్టం. ఎప్పుడూ యూరోలే నొక్కండి. స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు. వీధుల్లో, సావనీర్ దుకాణాల పక్కన విడిగా నిలబెట్టిన ఏటీఎంల కన్నా బ్యాంకు శాఖ గోడలో ఉన్న ఏటీఎం వాడండి.

ఓరుగల్లు_విద్యార్థి రాశారు:

రోమ్ గురించి. టెర్మినీ స్టేషన్‌లో టికెట్ యంత్రం దగ్గర "సాయం చేస్తాను" అంటూ వచ్చి మీటలు తామే నొక్కేస్తారు. చిల్లర కోసం చెయ్యి చాపితే అదృష్టం, కొన్నిసార్లు మీరు యంత్రం వైపు చూస్తుండగా వెనక సంచి తెరుచుకుంటుంది. జేబుదొంగలు ఉన్నారు జాగ్రత్త అని ఆ యంత్రమే గొంతెత్తి చెబుతుంది. ఫోనులోనే టికెట్ కొనేయండి. టెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు దొంగతనాలకు పేరుమోసింది. మెట్రో ఎ లైను రద్దీ కూడా తక్కువేమీ కాదు, కానీ పెద్దవాళ్లతో ఉంటే పొద్దున్నే బయలుదేరితే రెండింటిలోనూ ఊపిరాడుతుంది.

వీధిలో దుప్పటి పరిచి అమ్మే నకిలీ బ్రాండు సంచులు కొనవద్దు. ఇటలీలో కొన్నవాళ్లకు కూడా జరిమానా ఉంది, 7,000 యూరోల వరకు. స్విట్జర్లాండ్ నుంచి రైల్లో వస్తే మిలాన్‌లో మారతారు కదా, అక్కడ దుమో అనే పెద్ద చర్చి ముందు పావురాల గింజలు అరచేతిలో పోసి డబ్బు అడుగుతారు. పిడికిలి విప్పకండి.

ఎప్పుడైనా బార్సిలోనా వెళ్తే, చొక్కా మీద ఏదో తెల్లగా పడిందని చూపించి, కాగితంతో తుడవడానికి వచ్చేవాళ్ల దగ్గర ఆగకండి. ఆ మరక వేసింది వాళ్లే. తుడుచుకోవడం హోటల్‌కు వెళ్లాక.

ఊళ్లుతిరిగేవాడు రాశారు:

నా మాట ఒకటే. పాస్‌పోర్టులు హోటల్ లాకర్లో పెట్టి, ఫోటోకాపీతో తిరగండి. పోతే పోయేది కాగితమే.

పారిస్_వాసి రాశారు:

నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఫ్రాన్స్‌లో, ఇటలీలో పోలీసులు అడిగితే విదేశీయులు తమ పత్రాలు చూపించగలగాలి. ఫోటోకాపీతో సరిపెట్టుకునే అధికారులు ఉంటారు, కానీ సరిపెట్టుకోవాలనే నియమం లేదు. పన్ను వాపసు వచ్చే దుకాణాల్లో కూడా పాస్‌పోర్టు అడుగుతారు. దేశం మారే రోజుల్లో ఎలాగూ వెంట ఉండాలి.

ఊళ్లుతిరిగేవాడు రాశారు:

చట్టం సంగతి మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ డెబ్బై ఏళ్ల మనిషి జేబులో పాస్‌పోర్టు పోతే ఆ కుటుంబం ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. రెండింటిలో ఏది పెద్ద నష్టం?

సింహాద్రి_శోభ రాశారు:

ఇద్దరూ చెప్పినదానికి మధ్యే దారి ఉంది. పాస్‌పోర్టు వెంట ఉండాలి, కానీ బట్టల లోపల, రోజంతా ముట్టుకోని చోట. డబ్బు తీసే సంచిలో ఉండకూడదు. అంతకన్నా ముఖ్యం, నలుగురి పాస్‌పోర్టులు ఒకే సంచిలో వద్దు. "నువ్వైతే జాగ్రత్తగా ఉంటావు" అని ఇంట్లో అందరూ తమ పాస్‌పోర్టులు కోడలి సంచిలోనో కొడుకు సంచిలోనో పడేస్తారు. ఆ ఒక్క సంచి పోతే ఇంటిల్లిపాదీ దౌత్యకార్యాలయం ముందు నిలబడాలి.

హోటల్ అల్పాహారం దగ్గర కూడా జాగ్రత్త. మన బస్సుల్లో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు, సంచి కుర్చీలో పెట్టి బల్ల ఆపుకుని పళ్లెం తెచ్చుకోవడానికి వెళ్తాం. ఆ భోజనాల గదిలోకి బయటివాళ్లు కూడా రాగలరు. మాతో వచ్చిన ఒక కుటుంబం సంచి పోయింది అక్కడే, వీధిలో కాదు.

కృష్ణాతీరం రాశారు:

అమ్మకు పసుపుతాడు సంగతి చెప్పాను, వెంటనే ఒప్పుకుంది. శోభ గారికి కృతజ్ఞతలు. ఇంకో రెండు ప్రశ్నలు. పారిస్ నుంచి జ్యూరిక్ రైల్లో పెద్ద పెట్టెలు ఎక్కడ పెట్టాలి? వీసా కోసం తీసుకున్న బీమా దొంగతనానికి వర్తిస్తుందా?

పారిస్_వాసి రాశారు:

గార్ ద లియోన్ స్టేషన్ నుంచి ఆ రైలు. పెద్ద పెట్టెలు తలుపు దగ్గరి అరలో పెట్టక తప్పదు. సైకిలు తాళంతో రెండు పెట్టెలు కలిపి అరకు కట్టేయండి. రైలు బయలుదేరేలోపు, దారిలో ప్రతి స్టేషన్‌లోనూ ఒకరు లేచి అరవైపు నిలబడండి. తలుపులు మూసుకునే ముందు పెట్టె ఎత్తుకుని దిగిపోవడం రైళ్లలో జరుగుతుంటుంది. పాస్‌పోర్టులు, మందులు, నగలు ఉన్న సంచి మాత్రం తల మీది అరలో కూడా వద్దు, కాళ్ల మధ్యే.

విశ్రాంత_బ్యాంకరు రాశారు:

షెంగెన్ వీసాకు, అంటే ఈ దేశాలన్నిటికీ చెల్లే ఉమ్మడి వీసాకు తప్పనిసరి చేసిన 30,000 యూరోల బీమా వైద్యం, అత్యవసరంగా స్వదేశానికి చేర్చడం వంటి ఖర్చుల కోసం. దొంగతనం అందులో ఉండాలనే నియమం లేదు. మీ పాలసీలో పాస్‌పోర్టు పోవడం, సామాను పోవడం అనే అంశాలు విడిగా ఉన్నాయేమో చూడండి. ఉన్నా, నగదుకు చాలా పాలసీల్లో పరిహారం ఉండదు లేదా నామమాత్రం. ఏది అడగాలన్నా స్థానిక పోలీసు ఫిర్యాదు కాపీ కావాలి. భాష రాదని, సమయం పోతుందని ఫిర్యాదు మానుకోవద్దు.

నిత్యసంచారి రాశారు:

యూరప్ కాకపోయినా, ఇక్కడ చదివేవారిలో చాలామంది బ్యాంకాక్ వెళ్తారు కాబట్టి రాస్తున్నాను. గ్రాండ్ ప్యాలెస్ గోడ దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఎదురై, "ఈ రోజు పూజ ఉంది, మధ్యాహ్నం దాకా మూసి ఉంటుంది, ఈలోపు ఈ టుక్‌టుక్‌లో మరో గుడి చూసి రండి" అంటాడు. టుక్‌టుక్ అంటే అక్కడి ఆటో, చాలా చవక. అది చివరికి రత్నాల దుకాణానికో, దర్జీ దుకాణానికో చేరుతుంది. ప్యాలెస్ రోజూ ఉదయం 8.30కే తెరుస్తారు. ఎవరు ఏం చెప్పినా గేటు దాకా నడిచి మీరే చూడండి. పర్యాటక పోలీసుల నంబరు 1155. వియత్నాంలో 20,000, 500,000 డాంగ్‌ల నోట్లు రెండూ నీలం రంగులోనే ఉంటాయి. ట్యాక్సీలో చీకట్లో ఇచ్చేటప్పుడు ఒకదాని బదులు మరొకటి వెళ్లిపోతుంది. రెండింటినీ వేర్వేరు అరల్లో పెట్టుకోండి.

ఓరుగల్లు_విద్యార్థి రాశారు:

ఫోను గురించి ఎవరూ రాయలేదు. పర్సు కన్నా ఫోను పోతేనే ఎక్కువ కష్టం. పాస్‌పోర్టు ఫోటోలు ఈమెయిల్‌లో దాచుకున్నాం అని అందరూ ధైర్యంగా ఉంటారు. కొత్త ఫోనులో మెయిల్ తెరవబోతే, నిర్ధారణ సంఖ్య పోయిన ఫోనుకే వెళ్తుంది! నా గదిలో ఉండే స్నేహితుడు ఇలాగే రెండు రోజులు అల్లాడిపోయాడు. బయలుదేరే ముందే మెయిల్ ఖాతాలో బ్యాకప్ కోడ్‌లు, అంటే ఫోను లేకపోయినా ఖాతా తెరిచే సంఖ్యలు తీసి కాగితం మీద రాసుకోండి. పాస్‌పోర్టు, వీసా కాపీలు ఇంటి దగ్గర ఒకరికి పంపి ఉంచండి. సిమ్ కార్డుకు పిన్ పెట్టుకుంటే దాన్ని వేరే ఫోనులో వేసి మీ ఓటీపీలు చూడలేరు. నాన్నగారి ఫోనుకు మెడలో వేసుకునే తాడు ఒకటి కొనండి, చొక్కా లోపలికి వేసుకోవచ్చు.

పాలకొల్లు_ప్రయాణికుడు రాశారు:

ఆలస్యంగా చూశాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పాస్‌పోర్టు పోయిందే అనుకుందాం, అదీ శుక్రవారం సాయంత్రం. అప్పుడు వరుసగా ఏం చేయాలి?

పారిస్_వాసి రాశారు:

మొదట దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు, కాపీ చేతికి తీసుకునే రావాలి. తర్వాత భారత దౌత్యకార్యాలయం వెబ్‌సైటులో అత్యవసర ఫోను నంబరు ఉంటుంది, సెలవు రోజైనా దానికి ఫోన్ చేసి వివరం చెప్పండి. పారిస్‌లో, రోమ్‌లో మన దౌత్యకార్యాలయాలు ఉన్నాయి, స్విట్జర్లాండ్‌లో బెర్న్‌లో ఉంది. తిరుగు ప్రయాణం దగ్గరలో ఉంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది భారత్‌కు తిరిగి రావడానికి మాత్రమే, ఒక్కసారి. దానితో మరో దేశం చూడటానికి వెళ్లలేరు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు నాలుగైదు అచ్చువేయించి వెంట ఉంచుకుంటే ఆ పరుగు తప్పుతుంది.

ఇంకొకటి. సర్టిఫికెట్ చేతికి వచ్చాక విమానం మధ్యలో ఏ దేశంలో మారుతుందో చూసుకుని, ఆ పత్రంతో అక్కడ మారనిస్తారా అని విమాన సంస్థను ముందే అడగండి. కొందరు నేరుగా వచ్చే విమానానికి టికెట్ మార్చుకోవాల్సి వచ్చింది.